వాకిట్లో చిక్కమ్మ

"పాప వాళ్ళ అమ్మను పంపించండి సార్. మగవాళ్ళతో మాకు కుదరదు."

డే కేర్ ఆవిడ గేటు వేసేసింది.

నాగరాజ్‌కు ఒళ్ళు మండింది. చంకలో ఉన్న ఏడాదిన్నర అంబిక గేటు ఊచ పట్టుకుని వదలనంటోంది.

"మగవాడైతే ఏం? బిడ్డను సాకలేడా?" అని మూసిన గేటుకే చెప్పి వెనక్కి తిరిగాడు.

పాప వాళ్ళమ్మ నళిని కలబురగిలో ఉంది. కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, తొమ్మిది నెలల ట్రైనింగ్. "నువ్వు పో, పాపను నేను చూసుకుంటా" అని బస్సెక్కించినవాడు నాగరాజే. తోడుగా వచ్చిన అత్తగారు కాలు బెణికి ఊరికి వెళ్ళిపోయింది. నాగరాజ్‌ది బెంగళూరు పీణ్యలో లేత్ మిషన్ మీద పని. సోమవారం రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానని ఓనర్ గురుమూర్తి తేల్చి చెప్పాడు.

పెద్ద డే కేర్‌లలో అడిగితే అతని జీతమంతా పోసినా చాలేట్టు లేదు. చవకగా ఉన్నచోట అమ్మ కావాలంటారు.

బంధువులది ఒకటే పాట. "పెండ్లాన్ని పిలిపించుకోప్పా. మగోడివి, నీకెందుకీ పని?"

నళిని ఫోన్లో ఏడ్చింది. "నేను వచ్చేస్తా. ఉద్యోగం పోతే పోనీ."

"ఖాకీ గుడ్డలు వేసుకునే రావల్ల నువ్వు. అంతదాకా రావద్దు" అన్నాడు. అన్నాడే గాని, సోమవారం ఎలా గడుస్తుందో అతనికే తెలియదు.

ఆ సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. అరవై దాటిన మనిషి. పంచె, వెలిసిన చొక్కా.

"అంగడి ఎల్లయ్య పంపించినాడప్పా. పాపను చూసుకునేదానికి."

"ఎవరు చూసుకునేది?"

"నేనే. నా పేరు రామాంజినప్ప. ముందర మార్కెట్లో జట్కా తోలుతా ఉంటి. ఇప్పుడు జట్కాలు యాడుండాయి? మా అక్క పిల్లోళ్ళనంతా నేనే సాకినా. నీకు తోచింది ఇయ్యి."

పొద్దుటి నుంచీ ఏడుస్తున్న అంబిక ఆయన వేలు పట్టుకుని ఏడుపు ఆపింది. నాగరాజ్ అది చూశాడు కూడా. అయినా నోటికి వేరే మాట వచ్చింది.

"ఏమనుకోవద్దు పెద్దాయనా. ఆడమనిషి కావల్ల."

పొద్దున గేటుకు చెప్పిన శ్రీరంగనీతి సాయంత్రానికి సొంత గడప దగ్గరే చతికిలబడింది.

"అట్లనేలేప్పా" అని ఆయన నవ్వాడు. పాప వేళ్ళు మెల్లగా విడిపించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎల్లయ్య అంగట్లోంచే కేక వేశాడు.

"నాగరాజ్! వెనక వీధిలో చిక్కమ్మని ఒక అవ్వ ఉండాది. పిల్లోళ్ళను చూసుకుంటాదంట. దుడ్డు కూడా ఎక్కువ అడగదు."

చిక్కమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. నెరిసిన జుట్టు, పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. చూడగానే నాగరాజ్ ప్రాణం కుదుటపడింది.

"ఎంత ఇయ్యమంటావు అవ్వా?"

"నీకు తోచింది ఇయ్యి నాయనా."

సోమవారం అతని లేత్ మిషన్ మీద ఇంకొకడు ఎక్కలేదు.

ఆ తరువాత అంతా నల్లేరు మీద బండి నడకే. పొద్దున చిక్కమ్మ ఒళ్ళో పాపను దించడం, సాయంత్రం ఆ ఒళ్ళోంచే ఎత్తుకోవడం. అంబిక రాగి ముద్ద మింగడం నేర్చింది. బుగ్గలు వచ్చాయి. రాత్రయితే నాన్న పొట్ట మీదెక్కి కూర్చుని "హై! హై!" అంటూ నాలుక టకటకలాడించేది.

"అవ్వ భలే హుషారైన మనిషి, ఏమేమో నేర్పిస్తా ఉండాది" అని నళినికి ఫోన్లో చెప్పి మురిసిపోయేవాడు.

పెండ్లాన్ని పిలిపించుకోమన్న బంధువులే ఇప్పుడు మెల్లగా పక్కకు పిలిచి, "మా మనవడికీ అడిగి చూడప్పా" అంటున్నారు.

నళిని ట్రైనింగ్ ముగిసింది. పరుగు పందెంలో మెడల్ కూడా కొట్టింది. పరేడ్‌లో అందరూ ఒకే ఖాకీలో నడుస్తుంటే, నాన్న భుజాల మీదున్న అంబిక "అమ్మ!" అని వేలు పెట్టి చూపించింది. నాగరాజ్‌కు కళ్ళు నిండాయి. గెలిచాం, అనుకున్నాడు.

బెంగళూరుకు రాగానే నగర్తపేటలో మంచి చీర కొన్నారు. నళిని యూనిఫాంలోనే బయలుదేరింది. వెనక వీధి జనమంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు.

నాగరాజ్ చీరను చిక్కమ్మ ఒళ్ళో పెట్టాడు. నళిని ఆమె ఎదుట నిలబడి బూటు తాటించి సెల్యూట్ కొట్టింది.

చిక్కమ్మ కంగారుపడిపోయింది.

"నాకెందుకమ్మా ఇదంతా? మోకాళ్ళు పోయి, ఈ కుర్చీలోంచి లేసేదానికే నాతో కాదు. బిడ్డ వెంట పరిగెత్తేది నేనా?"

"మరి ఎవరవ్వా?"

అంబిక అప్పటికే లోపలికి దౌడు తీసింది. వంటింట్లోంచి "హై! హై!" అని రెండు గొంతులు వినిపించాయి. మరుక్షణం ఒక మనిషిని పంచె పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చింది. ఆయన చేతికి కలిపిన అన్నం ఇంకా అంటుకునే ఉంది.

రామాంజినప్ప.

నాగరాజ్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. నళిని ఈసారి ఆయన వైపు తిరిగి, మొదటిదానికన్నా గట్టిగా సెల్యూట్ కొట్టింది. వీధిలో ఎవరో చప్పట్లు మొదలుపెడితే అందరూ అందుకున్నారు.

"ఇన్నాళ్ళూ నువ్వేనా పెద్దాయనా?" అన్నాడు నాగరాజ్. "ఒక్కనాడైనా వాకిట్లోకి రాలేదే?"

ఎంగిలి చెయ్యి వెనక దాచుకుంటూ ఆయన నవ్వాడు.

"ఆడమనిషి కావల్లంటివి కదప్పా... అందుకే మా అక్కను వాకిట్లో కూర్చోబెట్టి, నేను లోపలే ఉండిపోతి."