ఎగువ బావి

మోట బొక్కెన పైకి వచ్చింది. గుమ్మరిస్తే కాలువలో పడింది నీళ్లు కాదు, బురద.

భీమన్న ఎద్దులను ఆపి బావిలోకి తొంగిచూశాడు. అడుగున బండ తేలింది. తాత నాటి బావి అది. ఊరు ఊరంతా వలసపోయిన కరువులో కూడా దాని అడుగు ఎవరూ చూడలేదు.

పక్కన పది గుంటల వరి పొట్ట మీద ఉంది. ఇంకో మూడు తడులు పెడితే గింజ చేతికొస్తుంది. పెట్టకపోతే గడ్డే. పోయినేడు మెట్టచేను ఎండిపోయి ఆ ఇల్లు ఎట్లా బతికిందో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఈ ఏడు కూడా నోటికాడి కూడు పోతే ఇక ఊరు విడవాల్సిందే.

ఎగువన, నాలుగు మళ్ల అవతల, తిరుపతయ్య పటేలు కొత్త బావి మీద రెండు మోటలు కిర్రుకిర్రుమంటూ ఆడుతున్నాయి. పోయిన ఎండాకాలం తవ్వించిన బావి. కింది బావి ఊట ఎటు పోయిందో చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

భీమన్న చెప్పులు విడిచి, తువ్వాల నడుముకు చుట్టుకుని పటేలు ముందు నిలబడ్డాడు.

"రెండు దినాలు మోటలు ఆపుండ్రి పటేలా. నా బాయిల జర ఊట చేరుతది. ఒక్క తడి పెట్టుకుంట."

"ఆపితె నా చెరుకు ఎండదారా?"

"మీకు ఇంకో బాయి ఉన్నది. నాకు గిదొక్కటే."

పటేలు నవ్వాడు. కోప్పడినా బాగుండేది.

"జల ఎవని బాయిల పడితె వానిదే. నీకు తెల్వనిదా భీమన్నా? నీ బాయి గూడ లోతు తీసుకో. గా పని నీకు ఒకరు చెప్పాల్నా?"

భీమన్న కాళ్ల మీద పడ్డాడు. పటేలు కాళ్లు వెనక్కి తీసుకుని లేచిపోయాడు.

ఇక మిగిలింది గునపం. భీమన్న తన బావిలోకి దిగాడు. పైనుంచి భార్య జానకమ్మ గంప వదులుతుంది, అతను రాళ్లు నింపుతాడు, ఆమె లాగుతుంది. మధ్యాహ్నం దాకా కొట్టాడు. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. బండకు మాత్రం తేమైనా రాలేదు.

అంతలో అతని తల్లి తిమ్మమ్మ చేనుకు వచ్చింది. పోయిన ఎండాకాలమంతా గద్వాల దిక్కు కూతురింట్లో ఉండి, వానలు పడ్డాక ఊరు చేరిన మనిషి. ఒక వరి పొట్ట చీల్చి చూసింది. లోపలి లేతకంకి వాడిపోయింది. అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది.

"పటేలును నేనేమన. ఆయనకు భూమున్నది, తవ్విచ్చుకున్నడు. కూలికి ఆ బాయిల దిగి మన ఊట తెంపినోడున్నడు సూడు, వాడు మనసొంటి పేదోడే గద. కింద ఒక బాయున్నదని వానికి యాది రాలేదా? వాని చేతులు పడిపోను. వాని ఇంట్ల పొయ్యి ఎలగకుండ పోను."

"ఊకో అత్తా," అంది జానకమ్మ, మొహం పక్కకు తిప్పుకుని. "ఎవరినంటె ఏమొస్తది?"

"ఎందుకు ఊకుంట? వాడెవడో చెప్పుండ్రి. వాని ఇంటి ముంగట దుమ్మెత్తి పోస్త."

భీమన్న బావిలోంచి పైకెక్కి తల్లి పక్కన కూర్చున్నాడు. తిమ్మమ్మ అతని అరచేతులు చూసి బావురుమంది. కొంగు తడిపి నెత్తురు తుడవసాగింది.

"ఎవడు కొడుకా వాడు? నీకు ఎరుకనే ఉంటది. పేరు చెప్పు."

పోయిన ఎండాకాలం రోజుకు రెండు మానికల జొన్నల కోసం పటేలు బావిలో దిగి, బండ పగిలి ఊట ఎగజిమ్మిన నాడు అందరికంటే ముందు సంబరంతో కేకపెట్టింది తానేనని ఆ తల్లికి ఎలా చెప్పాలో భీమన్నకు తెలియలేదు.