శేషం ఒకటి

రెండు వేల ఐదు వందల ఇరవై ఒకటి ఏ సంఖ్యకు లొంగుతుంది? వచ్చినవాళ్లను లెక్కించే గేటు మీది అంకె చూస్తూ డ్రిల్లు మాస్టారు తనను తాను మళ్లీ అడిగి చూసుకున్నారు. రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. మూడుతోనూ ఒకటే. పది దాకా దేనితో భాగించినా అదే ఒకటి పళ్లికిలించింది. ఒకటీ, తానూ తప్ప మరో భాజకం లేని మొండి ప్రధాన సంఖ్య అది.

ఆయనకు కావలసింది ఒకటి తక్కువ. జంటలుగా మొదలై, మూడేసి, నాలుగేసి, చివరికి పదేసి మందిగా మారే విన్యాసమది. ఒకటి నుంచి పది దాకా అన్నింటికీ లొంగే అతి చిన్న సంఖ్య రెండు వేల ఐదు వందల ఇరవై. సరిగ్గా అంతమంది పిల్లలనే ఎంచుకున్నారు. పొద్దున్నే ఖాళీ మైదానంలో ఒంటరిగా తిరిగినప్పటి ప్రశాంతత ఇప్పుడు మచ్చుకైనా లేదు.

"నీ గేటు తప్పుడు లెక్క చెబుతోంది," అని కాపలాదారు మీద విరుచుకుపడ్డారు.

"మనిషి తోసుకొస్తేనే అంకె మారుతుంది సార్. రాత్రే సున్నా చేశాను. నేనంటారా, నిన్నట్నించీ లోపలే పడున్నాను. నన్ను కలపకండి."

మాస్టారి చూపు పిల్లల మీదుగా సాగి, కూతురి దగ్గర ఆగింది.

"నువ్వు బయటికి నడు."

"నేనేం చేశాను మాస్టారూ?" మైదానంలో నాన్నా అని పిలవకూడదన్నది ఆయన పెట్టిన నియమమే.

"ఇంకొకరి బిడ్డను పంపితే, నా బిడ్డను దాచుకున్నానంటారు."

"ఎవరో ఏదో అంటారని నన్ను గెంటేస్తారా? మోకాళ్లు కొట్టుకుపోయేలా నేర్చుకున్నాను. ఎక్కువైంది నేనేనని ఏ లెక్క చెప్పింది?"

"ఎదురు చెప్పకు."

"చెప్తాను. ఇంట్లోనూ ఇంతే మీరు. ఏది కుదరకపోయినా నేనే కారణం."

చేతిలోని రిబ్బను ఆయన కాళ్ల దగ్గర విసిరికొట్టి, ఆమె గేటు దాటి వెళ్లిపోయింది.

ఈల మోగింది. మూడేసి మందిగా నిలబడమన్నారు. చివర ఇద్దరే నిలిచారు. పళ్లు నూరుతూ పదేసి అన్నారు. చివరి వరుసలో తొమ్మండుగురు. ఎలా పేర్చినా ఒకే ఒక్క చోటు ఖాళీ.

"పొద్దున్నుంచీ ఇంకెవరొచ్చారు?" అని గర్జించారు.

కాపలాదారు ఆయన వైపే చూస్తూ ఉండిపోయాడు.

మాస్టారి కోపానికి నిలువ నీడ లేకుండా పోయింది. ఈల మెడలోంచి తీసి గడ్డిమీద పడేశారు. రిబ్బను ఏరుకుని, అవతల వీపు తిప్పి నిలబడిన కూతురి వైపు పరుగెత్తారు.

ఆ పూట గేటును మొట్టమొదట తోసింది ఆయనే.