పోయిన పికప్

“తిరుపతీ, ఆటో గూడ మనల్ని దాటిపోతుంది చూడు!”

వెనక సీట్లోంచి మనోజ్ఞ మేడమ్ అన్న మాటకు తిరుపతికి తల కొట్టేసినట్టయింది. యాక్సిలరేటర్‌ను నేలకంటేలా తొక్కి పట్టాడు. ఇంజన్ బొయ్యిమని అరిచిందే తప్ప, కారు మాత్రం లింగంపేట్ దాటిన చడావు మీద మూలుగుతూనే ఎక్కింది. ఆటోలో కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగి చూసి నవ్వాడు కూడా. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి ముప్పావు గంటలో కొట్టేస్తాడని పేరున్న మనిషికి ఎంత నామోషీ!

కామారెడ్డిలో ఆఫీసు ముందు దిగుతూ మేడమ్ గడియారం చూసుకుంది. ఆమెతో రోజూ వచ్చే మరో ఇద్దరూ ముఖాలు ముడుచుకుని దిగిపోయారు.

“నాలుగు రోజుల సంది లేటే. రేపు గూడ గిట్లనే అయితే మేం వేరే కారు మాట్లాడుకుంటం తిరుపతీ. ఏమనుకోకు.”

ఏమనుకుంటాడు పాపం! ఇంట్లో పొయ్యి వెలిగేదే ఈ కిరాయి మీద. ఇది పోతే అడ్డా మీద నిలబడి, ఎవరు పిలుస్తారా అని దారి చూడటమే. నేరుగా యాకూబు షెడ్డుకు పోనిచ్చాడు.

యాకూబు ముప్పై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు. తొందరపడే మనిషి కాదు. తొందరపెడితే ఇంకా నెమ్మదిస్తాడు.

“పికప్ లేదు భాయ్. ఎంత తొక్కినా లేస్తలేదు. సాయంత్రం వరకు అయిపోవాలె.”

“పొగ?”

“నల్లగ వస్తుంది.”

“డీజిల్?”

“మస్తు తాగుతుంది.”

యాకూబు జాకీ పెట్టి చక్రాలు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. బ్రేకులేమీ పట్టెయ్యలేదు. కానీ ఒక చక్రం విప్పి నోరు చప్పరించాడు.

“గీ బ్రేక్ ప్యాడ్లు ఏందయ్యా, గిట్ల మాడిపోయినయి? నువ్వు నడిపేది కారా, విమానమా?”

“కిరాయి బండంటే గంతే గద భాయ్. జల్ది పోవాలె, జల్ది రావాలె.”

యాకూబు తల అడ్డంగా ఊపి చక్రం మళ్లీ బిగించాడు. క్లచ్ చూశాడు, బాగానే ఉంది. డీజిల్ ఫిల్టర్ మార్చాడు, తేడా రాలేదు. కంప్యూటర్ తగిలించి చూస్తే అదీ నోరు విప్పలేదు.

మధ్యాహ్నం దాటింది. తిరుపతికి అన్నం మీదికి మనసు పోలేదు. పాత టైరు మీద కూర్చుని ఆలోచనలో పడ్డాడు. చిత్రమేమిటంటే, ఏడేళ్లుగా అదే అడవి దారిలో తిరుగుతున్నా అక్కడ మోదుగు పూలు పూస్తాయని అతనికి ఈ నాలుగు రోజుల్లోనే తెలిసింది. ఎంత ఎర్రగా ఉన్నాయో! అయినా పూలు చూస్తే కడుపు నిండుతుందా? మళ్లీ లేచి కారు దగ్గరికి పోయాడు.

యాకూబు అప్పటికి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీశాడు. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది.

“ఏదీ, రేస్ ఇయ్యి.”

తిరుపతి సీట్లో కూర్చుని తొక్కాడు. ఇంజన్ ఒక్కసారిగా గర్జించింది. యాకూబు మూత బిగించాడు.

“మల్ల ఇయ్యి.”

మళ్లీ అదే మూలుగు. యాకూబు కళ్లు మెరిశాయి.

“మూత తీస్తే లేస్తుంది, పెడితే పండుకుంటుంది. గాలి వచ్చే తొవ్వల ఏదో అడ్డం పడ్డది. దీనికి ఊపిరాడ్తలేదు, గంతే.”

డబ్బాలోకి గాలి తెచ్చే పైపు విప్పి, తీగ వంచి లోపలికి దూర్చి గుంజాడు. మసి పట్టిన గుడ్డ మూట ఒకటి బయటికొచ్చింది. తిరుపతి దాన్ని విప్పాడు. లోపల బియ్యం, పసుపు కొమ్ము, రూపాయి బిళ్ల.

“ముడుపు!” అన్నాడు నోరెళ్లబెట్టి.

“పైపు మూతికి కట్టినట్టున్నరు. దారం తెగినంక ఇంజన్ లోపలికి గుంజుకున్నది,” అన్నాడు యాకూబు, పైపు మళ్లీ బిగిస్తూ. “ఇప్పుడు తొక్కు.”

కారు గుర్రంలా లేచింది. కిరాయి నిలబడింది! తిరుపతికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ వెంటనే కోపమొచ్చింది. ఆ గుడ్డ తన తల్లి లింగవ్వ పాత చీర ముక్క. అక్కడే నిలబడి ఫోన్ చేశాడు.

“అవ్వా! ఇంజన్ల ముడుపు గట్టింది నువ్వేనా?”

“అయ్యో, దొరికిందా కొడుకా? విప్పలేదు గద?”

“విప్పిన! నీ ముడుపు జెయ్యబట్టి బండి నాలుగు రోజుల సంది నత్త లెక్క పోతుంది. ఉన్న కిరాయి గూడ పోతుండె! గిరాకీ పెరగాలెనని మొక్కినవా? దిష్టి పోవాలెననా? అసలు ఏమని మొక్కినవ్?”

అవతల లింగవ్వ గొంతు పలికింది. సంతోషంతో వణుకుతోంది.

“నా కొడుకు బండి మెల్లగ పోవాలెనని మొక్కిన బిడ్డా... ఆదివారం పోచమ్మకు కోడిని కొయ్యాలె!”