నడీన్‌కి నచ్చిన ఇల్లు

“ఛీ! ఎవరిదో వెంట్రుక!” అంటూ నడీన్ లాప్‌టాప్‌ని మోచేత్తో అవతలికి నెట్టింది, ఆ వెంట్రుక తన భోజనాల బల్ల మీదే పడినట్టు.

వెండెల్ కళ్లజోడు సర్దుకుని చూశాడు. సెడోనాలో అద్దెకిచ్చే ఇల్లు. కిటికీ నిండా ఎర్రకొండ.

“ఏదీ వెంట్రుక?”

“ఫొటోలో కాదు, కింద చదువు. జనవరిలో దిగినావిడ రాసింది. స్నానాల తొట్టి అంచున పొడుగాటి నల్ల వెంట్రుకట.”

“జనవరి వెంట్రుక ఇంకా అక్కడే ఉంటుందా తల్లీ?”

“ఉంచేవాళ్లు ఉంచుతారు.”

ఆ ఉదయం ఆమె వద్దన్న ఇళ్లలో అది తొమ్మిదోది. ఒక ఇంట్లో దిండ్ల మీద చొంగ మరకలు. ఇంకో ఇంట్లో నీళ్లు కుళ్లిన గుడ్డు కంపు. ఒకచోట వేడినీళ్ల తొట్టిలో తేలేది సబ్బు నురగ కాదట, ముందు దిగినవాళ్ల ఒంటి జిడ్డట. మరోచోట తలుపు వెనకాల బల్లి తోక. బల్లి లేదు, ఉత్త తోక. వెండెల్‌కి ఆ తోక మీదా ఆ జిడ్డు మీదా కలగని రోత ఈ చదువుడు మీద కలుగుతోంది. కాఫీ ముందు పెట్టుకుని ఊరందరి చొంగా గట్టిగా చదివి వినిపిస్తుంటే ఎవరికి మాత్రం గుటక దిగుతుంది?

అతను అడిగింది ఒక్కటే. మార్చి పద్నాలుగుకి వాళ్ల పెళ్లయి పాతికేళ్లు. సెడోనాలో బెల్ రాక్ అనే కొండ కింద, ఎర్ర దుమ్ములో నిలబడి, ఒక పాస్టరు, ఇద్దరు స్నేహితుల ఎదుట చేసుకున్న పెళ్లి. ఆ రోజు పొద్దున్నే అక్కడ ఆమె పక్కన నిలబడి సూర్యుడు పైకి రావడం చూడాలి. వాళ్లుండే మెసా నుంచి కారులో రెండు గంటల దారి. కానీ మార్చి అంటే స్కూళ్లకి సెలవులు, దేశమంతా ఆ కొండల మీదే ఉంటుంది. వీళ్లు వంకలు పెడుతుండగానే ఉన్న ఇళ్లు ఒక్కొక్కటే ఎవరో ఎగరేసుకుపోతున్నారు.

“మోటెల్లో దిగుదాం. రెండు రోజులేగా,” అన్నాడు.

“మోటెలా! ఆ దుప్పట్లు ఉతుకుతారనుకుంటున్నావా?”

“పోనీ గుడారం వేసుకుందాం.”

“తేళ్ల పక్కన నువ్వు పడుకో.”

“పెళ్లికి వెళ్లినప్పుడు పికప్ ట్రక్కు వెనక తొట్టిలో పడుకున్నాం నడీన్.”

“అప్పుడు నాకు బుద్ధి లేదు. ఉంటే నిన్ను చేసుకుంటానా?”

వంకలేనమ్మ డొంక పట్టుకు వేళ్లాడినట్టు, పదో ఇంట్లో తప్పేమీ దొరక్క ఇంటివాళ్ల కుక్క ఫొటో పట్టుకుంది. బొచ్చు రాలే జాతట. వెండెల్ లేచి వెళ్లి కాఫీ సింకులో పారబోశాడు. వెనక్కి తిరక్కుండానే మెల్లగా అన్నాడు.

“ఈసారి కూడా వెళ్లకపోతే ఇంక నేనెప్పుడూ అడగను.”

ఆ గొంతు నడీన్‌కి కొత్త. లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని నిజంగానే వెతకడం మొదలుపెట్టింది.

అరగంటకి కేక పెట్టింది. “దొరికింది! మేవిస్ అనే ఆవిడ ఇల్లు. నూట నలభై మంది రాశారు, ఒక్కరంటే ఒక్కరు వంక పెట్టలేదు. నేల మీద వడ్డించుకు తినొచ్చట!”

“ఆ తేదీకి ఖాళీయేనా?”

“మిగిలింది ఇదొక్కటే. ఇదైతేనే వస్తాను, చెప్తున్నా.”

తానే ఉత్తరం రాసింది. శుభ్రత తమకు ప్రాణమనీ, ఎక్కడ దిగినా ఆ ఇంటిని తమ ఇంటికన్నా మిన్నగా చూస్తామనీ, ఇది తమ పాతికేళ్ల పెళ్లిరోజనీ. వెండెల్ ఎన్నాళ్లకో ఆమె నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడు.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది. నడీన్ గట్టిగా చదివింది.

“నడీన్ గారూ, మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. ఇల్లు మాత్రం మీకు ఇవ్వలేం. మీరు మా గురించి చదివినట్టే, ఇదివరకు మీరు దిగిన ఇళ్లవాళ్లు మీ గురించి రాసింది మేమూ చదువుతాం. మీ పేరు మీద నొక్కి చూడండి.”

ఏడేళ్లుగా ఊరందరి గురించీ చదివిన మనిషి తన పేరు మీద ఒక్కసారీ నొక్కి చూడలేదు. చూడ్డానికి ఏముంటుందని? ఇప్పుడు నొక్కింది.

బిస్బీ ఊళ్లో వీళ్లు దిగిన ఇంటావిడ రాసింది: “మా అమ్మమ్మ నాటి ఇనప పెనం. మూడు తరాల నూనె పట్టి నల్లగా నిగనిగలాడేది. ఈవిడ దాన్ని మురికనుకుని ఇనప పీచుతో తెల్లగా తోమిపారేసింది. పైగా ‘ఛీ, గిన్నెలు కడుక్కోవడం నేర్చుకోండి’ అని చీటీ పెట్టి పోయింది. పాపం ఆ భర్త వెళ్తూ వెళ్తూ నా చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాడు.”

ప్రెస్కాట్‌లో ఇల్లు అద్దెకిచ్చినాయన రాశాడు: “నవాహో తెగ ముసలావిడ ఏడాదిపాటు నేసిన కంబళి. వాసనొస్తోందని ఈవిడ దాన్ని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టింది. ఈవిణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ వాంతి వస్తుంది.”

కింద ఇంకా నలుగురున్నారు.

“అది మురికే!” నడీన్ మొహం కందగడ్డయింది. “పచ్చి మురికి! నువ్వు చూశావుగా? చెప్పవేం?”

వెండెల్ ఆమె భుజం మీదుగా వంగి, తెర మీద పక్కనే ఉన్న మేవిస్ జవాబులో ఆమె చదవకుండా వదిలేసిన చివరి ముక్క చదువుతున్నాడు. ‘మీవారి గురించి మాత్రం అందరూ మంచే రాశారు. ఆయన ఒక్కరే వస్తానంటే ఆ రెండు రోజులూ ఇల్లు ఆయనకే.’

నడీన్ వెనక్కి తిరిగి చూసేలోపే, వెండెల్ చెయ్యి చాచి, “వస్తున్నాను” అని కొట్టి పంపేశాడు.