మోతి మొరుగుడు

"జర గట్టిగ మొరుగు. లారీ చప్పుడుల ఇనవడలే" అంది కిష్టవ్వ, టేపురికార్డర్ ముందుకు జరుపుతూ.

అంతయ్య ఆ పెట్టెను పురుగును చూసినట్టు చూశాడు. ఊళ్లో నలుగురి తగాదాలు తీర్చే పెద్దమనిషి, సొంత ఇంట్లో తలుపు గొళ్లెం పెట్టుకుని కుక్కలా అరవాల్సి వచ్చింది.

"భౌ! భౌ!" అన్నాడు. మూడోది రాకముందే దగ్గు తోసుకొచ్చింది. కిష్టవ్వ గబుక్కున మీట నొక్కింది.

"దగ్గు సుత పడ్డది."

"పడనీ. కుక్కలు దగ్గయా ఏంది?"

ఇదంతా కొడుకు కొండల్ కోసం. వాడు ఇంట్లో చెప్పకుండా ఎడ్లజతను అమ్మి దుబాయి వెళ్లిపోయాడు. ఆనాడే అంతయ్య ఒట్టు పెట్టుకున్నాడు: "నా నోటి మాట ఇగ వాని చెవుల పడది." హుస్నాబాద్ చుట్టుపక్కల దుబాయి వెళ్లినవాళ్లు చదువురాని తల్లిదండ్రులకు క్యాసెట్లలో మాటలు నింపి పంపేవారు. వీళ్లూ అలాగే జవాబు పంపేవారు. ఒకడు సెలవుకు వచ్చాడంటే పది ఇళ్ల గొంతులు సంచిలో మోసుకొచ్చేవాడు.

"బాపును ఒక్క మాట మాట్లాడుమను అవ్వా" అని కొండల్ ప్రతి క్యాసెట్లోనూ తల్లిని బతిమాలేవాడు. ఆ మాట రాగానే అంతయ్య తువ్వాల దులుపుకుని లేచిపోయేవాడు. చివరికి కొండల్ అడగడం మానేసి, ఇంటి కుక్క మోతి మొరుగుడైనా పంపమన్నాడు.

"కన్నతండ్రి కన్న కుక్క ఎక్కువైంది గీనికి!" అన్నాడు అంతయ్య. అది మాత్రం ముల్లులా గుచ్చుకుంది.

కొండల్ కరీంనగర్‌లో మెకానిక్ షెడ్డుకు రోజూ బస్సులో పోయివచ్చే రోజుల్లో, మోతి పొద్దున స్టేజీ దాకా సాగనంపేది, సాయంత్రం బస్సుకు ఎదురెళ్లేది. వాడు దుబాయి వెళ్లాక కూడా అలాగే వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చేది. "రానోని కోసం దినాం పోతది. దీని తెలివి తెల్లారినట్టే ఉంది" అని అంతయ్య వెక్కిరించేవాడు. వాడు మొరుగుడు అడగకముందే ఓ సాయంత్రం అది ఆ స్టేజీ దగ్గరే లారీ కింద పడింది. దాన్ని బొందపెట్టి వచ్చి అంతయ్య బువ్వ ముట్టలేదు. కిష్టవ్వ అడిగితే పంటినొప్పి అన్నాడు.

పరాయి దేశంలో ఒక్కడే ఉన్నవాడికి ఆ కబురు చెప్పడానికి కిష్టవ్వకు నోరు రాలేదు. వాడకట్టు కుక్కలను పిలిస్తే, అవి పెట్టెను చూసి మొరగకుండా తోక ఊపాయి. ఇక మిగిలింది అంతయ్య.

"మొరుగుడు మాట గాదు గదా. నీ ఒట్టు ఎట్ల తప్పుతది?" అని ఆమే దారి చూపింది.

జవాబు వచ్చింది. "అవ్వా, మోతి గొంతు ఇని పానం నిమ్మళమైంది. ఈసారి జర ఎక్కువసేపు మొరగనియ్యి. దానికి దగ్గు లేసినట్టున్నది, పసుపుపాలు తాపు."

అంతయ్య విరగబడి నవ్వాడు. "ఇన్నవా? కుక్కకు, మనిషికి తేడా తెల్వదు. గిసోంటోడు దుబాయిల ఏం ఒరగబెడ్తుండో!"

కిష్టవ్వ పాలు కాచింది. తాగడానికి కుక్క లేదు. పారబోస్తే పాపమని అంతయ్యే తాగాడు.

తర్వాతి క్యాసెట్‌ను పక్కింటి ముత్తయ్య సెలవుకు వస్తూ తెచ్చాడు. దాంతోపాటు మందపాటి రగ్గు ఒకటి ఇచ్చాడు. "మోతికట. అరుగు మీద పంటది గదా, చలి పెడ్తదని పంపిండు" అన్నాడు. మోతి ఏదని మాత్రం అడగలేదు.

"మా అయ్య పటేండ్ల ఇంట్ల సుత గిసోంటి రగ్గు సూడలే. కుక్కకు దుబాయి రగ్గా!" అని అంతయ్య ముఖం మాడ్చుకున్నాడు. అరుగు మీద నులకమంచంలో పడుకునేది ఆయనే కాబట్టి ఆ రగ్గు ఆయన మీదికే చేరింది.

రానురాను ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. తనే గొళ్లెం పెట్టి, తనే పెట్టె ముందు కూర్చునేవాడు. ఒకసారి మొరగడం ఆపి చాలాసేపు కుంయ్‌కుంయ్‌మన్నాడు. కిష్టవ్వ మీట నొక్కలేక కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏడుస్తవెందుకే? కుక్కలు అట్లనే అంటయి" అని కసిరాడు అంతయ్య.

దగ్గు మాత్రం ముదిరింది. దవాఖానకు పోదామంటే, "దగ్గుకు దవాఖాననా?" అని తీసిపారేసేవాడు. ఇంతలో మరో క్యాసెట్ వచ్చింది.

"అవ్వా, నాకు ఫికరైతుంది. ఈసారి మోతి మొరిగింది తక్కువ, దగ్గింది ఎక్కువ. దాన్ని కరీంనగర్ పెద్ద దవాఖానకు తీస్కపో. లేటు చెయ్యకు."

అంతయ్య పగలబడి నవ్వాడు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగింది. "కుక్కను బస్సెక్కిచ్చి... మనుషుల దవాఖానకు! కన్నతండ్రి గొంతు గుర్తువట్టని మొద్దును కన్నవే నువ్వు!"

"ఉండు, ఇంకేమో అంటుండు" అని కిష్టవ్వ చెయ్యెత్తింది.

టేపు కాసేపు గరగరలాడింది. కొండల్ గొంతు సవరించుకున్నాడు.

"బస్సెక్కినంక రగ్గు కప్పుకో బాపూ."