పెళ్లి గుమ్మంలో గూని

2004 సెప్టెంబరులో ఒక ఆదివారం ఉదయం, ఇటలీలో అవెల్లీనో కొండల్లోని ఒక ఊళ్లో, పెళ్లి జరగబోయే చర్చి మెట్ల మీద నుంచి ఒక ముసలామెను వెళ్లగొట్టారు.

వెళ్లగొట్టింది పెళ్లికూతురి అమ్మమ్మ ఇంకొరొనాతా.

ముసలామె ఆ ఊరి మనిషి కాదు. కొత్త జంట మీద చల్లడానికి గుప్పిట్లో బియ్యం పట్టుకుని గుమ్మం పక్కన నిలబడింది. ఆమెకి గూని.

"ఇనుము ముట్టుకోండి!" అని కేకేసింది ఇంకొరొనాతా.

కీడు తగలకుండా ఆడవాళ్లు తాళంచెవులు పట్టుకున్నారు.

"పిల్లని ఒక్కసారి చూసి వెళ్లిపోతానమ్మా."

"పెళ్లికూతురు కారు దిగుతూనే గూనిదాని ముఖం చూడాలా? దిగు కిందికి."

"లోపల వాద్యం వాయించే ఆయనకీ గూనేగా? ఇందాక మీరందరూ వరసకట్టి ఆయన వీపు నిమిరారు!"

"ఆ వాయించే వీతో మగాడు. మగాడి గూని అదృష్టం, ఆడదాని గూని అరిష్టం. ఇంత వయసొచ్చింది, ఇది కూడా తెలీదా?"

"బరువు మీద పడ్డప్పుడు ఆడా మగా అని చూసి పడదమ్మా."

"నోరు కూడానా!"

పెళ్లికొడుకు మేనమామ వచ్చి ముసలామె మోచెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి. మెట్లు దిగడం నాకొచ్చు."

ఆమె బియ్యం చివరి మెట్టు మీద పోసి, కూడలిలో ఆగివున్న బస్సెక్కింది. బస్సు వెళ్లిపోయింది.

ఇంకొరొనాతా ఊపిరి పీల్చుకుంది. 1980 భూకంపంలో ఆమె కూతురూ అల్లుడూ కూలిన ఇంటి కింద పోయారు. అప్పటికి పాలు తాగే వాళ్ల పిల్ల, ఇవాళ్టి పెళ్లికూతురు జెరార్దీనా ఒక్కతే బతికింది. ఈ పెళ్లికి చిన్న అపశకునం కూడా తగలనివ్వకూడదు.

అంతలో సబీనో రొప్పుతూ మెట్లెక్కాడు. ఆనాడు శిథిలాల్లోంచి పిల్లని బయటికి తీసిన అగ్నిమాపక ఉద్యోగి.

"బండి పెట్టడానికి చోటు దొరకలేదమ్మా. నేను తెచ్చిన అతిథి ఏదీ? ఇక్కడే దింపి వెళ్లాను."

"మాకెవరూ కనబడలేదు నాయనా. నువ్వు చెప్పావని భోజనాల దగ్గర నా పక్కనే కుర్చీ వేయించాను."

"గుప్పిట్లో బియ్యం పట్టుకుని ఉంటుంది."

ఇంకొరొనాతా చివరి మెట్టు మీది బియ్యం వైపు చూసింది.

"ఆ గూనిదా? గెంటేశాం," అన్నాడు మేనమామ.

"గెంటేశారా!" సబీనో గొంతు చర్చి లోపలిదాకా వినబడింది. వాద్యం ఆగిపోయింది. "ఆవిడ భూకంపం వచ్చిన ఆ సాయంత్రం మీ అమ్మాయి ఇంటికి దుప్పట్లు అమ్మడానికి వచ్చిన మనిషి. స్పృహ లేకుండా నేపుల్స్ ఆసుపత్రికి పంపాం, పేరు కూడా తెలీదు. ఈ వేసవిలో దొరికింది. పెళ్లిరోజున చూపిద్దామని మీకు చెప్పలేదు."

పెళ్లికూతురి కారు వచ్చి ఆగింది.

"దూలం ఎత్తితే ఆవిడ కింద పిల్ల ఉంది," అన్నాడు సబీనో. "ఆ రోజుదాకా ఆవిడ వీపు తిన్నగానే ఉండేది."