చచ్చిపోయిన మామగారి కాఫీ

"చచ్చినవాడు కాఫీ ఎలా అడుగుతాడయ్యా?"

నిర్మాత విసిరిన కాగితాలు రచయిత ఛాతీకి తగిలి కాళ్ల దగ్గర పడ్డాయి. రచయిత వంగి ఒక్కొక్కటే ఏరుకున్నాడు. వంగినవాడు మళ్లీ లేవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

"చచ్చిందెవరు సార్?"

"సీరియల్లో మామగారు! మొన్న మంగళవారమే కదా చంపావు. కోడలు గుండెలు బాదుకుని ఏడ్చింది, ఆయన ఫోటో గోడకెక్కించాం. నిన్న చూస్తే ఆ మహానుభావుడు మేడ దిగొచ్చి, 'అమ్మాయ్, కాఫీ' అన్నాడు. ఆ అమ్మాయి ఇచ్చింది కూడా!"

రచయిత కాగితాలు తిరగేసి నాలుక కరుచుకున్నాడు.

"మరి డైరెక్టరు గారు చూసుకోలేదా సార్?"

"ఆయన చదివి తీస్తాడా? కాగితంలో మామగారు అని ఉంది, పిలిపించాడు, తీశాడు. చివరికి పట్టుకుందెవరో తెలుసా? మా అత్తగారు! పొద్దున్నే ఫోన్ చేసి, 'అల్లుడుగారూ, మీ సీరియల్లో పోయినవాళ్లు కాఫీకి వస్తుంటారా?' అని అడిగింది. తల కొట్టేసినట్టయింది నాకు."

ఊరంతా తిట్టినా నిర్మాతకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అత్తగారు నవ్వితే మాత్రం తట్టుకోలేడు. పెట్టుబడి ఆవిడదే మరి.

"ఒళ్లు హూనమైపోయింది సార్" అన్నాడు రచయిత. "మూడు సీరియల్సూ నేనే రాస్తున్నాను. సాయంత్రమయ్యేసరికి చెయ్యి రాస్తూనే ఉంటుంది గానీ బుర్ర పనిచెయ్యదు. ఎవడు బతికున్నాడో ఎవడు పోయాడో గుర్తుండదు. ఆదివారం ఒక్కరోజు సెలవిప్పించండి. పడుకుంటాను. అంతకుమించి ఇంకేం అడగను."

నిర్మాత పగలబడి నవ్వాడు.

"అలసటా? నువ్వేమన్నా బస్తాలు మోస్తున్నావా? ఫ్యాను కింద కూర్చుని పెన్ను కదిలించడం కూడా ఒక కష్టమేనా! నేనూ రోజూ సంతకాలు పెడుతున్నాను. అలసిపోతున్నానా?"

ఆయన దృష్టిలో రచయిత అంటే కుళాయి. తిప్పగానే రావాలి. బురద వస్తే తప్పు కుళాయిది.

మామూలుగా అయితే రచయిత తల వంచుకుని వెళ్లిపోయేవాడు. ఆరోజు తల వంచే ఓపిక కూడా లేదు. చేతిలోని కట్టలోంచి రెండు కాగితాలు లాగి బల్ల మీద పెట్టాడు.

"ఇది పొద్దున లేవగానే రాసింది సార్. ఇది సాయంత్రం రాసింది. చదివి, తర్వాత తిట్టండి."

చెక్కులు తప్ప ఇంకేదీ చదివి ఎరగడు నిర్మాత. అయినా ఈ మనిషి నోరు మూయించడానికి బాగుంటుందని చదివాడు. పొద్దుటి సీనులో తండ్రితో మాటలు మానేసిన కూతురు, ఆయన తెగిన చెప్పులు కుట్టించి తెచ్చి, గుమ్మం దగ్గర పెట్టి, పలకరించకుండా వెళ్లిపోతుంది. అంతే. నిర్మాత గొంతు సవరించుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు. సాయంత్రం సీనులో అదే కూతురు అదే తండ్రిని "బావా" అని పిలిచింది. "అసలేం జరిగిందంటే" అని పదే పదే అంది. ఏం జరిగిందో మాత్రం చివరిదాకా చెప్పలేదు.

"ఈ రెండూ నువ్వే రాశావా?"

"నేనే సార్. అదే చెయ్యి, అదే పెన్ను. మధ్యలో తేడా నిద్రే."

నిర్మాత కుర్చీలోంచి లేచాడు. బల్ల చుట్టూ తిరిగొచ్చి రచయిత భుజం మీద చెయ్యి వేశాడు.

"నిజమేనయ్యా. నిద్రుంటేనే రాత. ఇన్నాళ్లూ ఈ సంగతి నా బుర్రకెక్కలేదు. ఇవాళే దీనికో దారి చూస్తాను."

రచయితకు ఏడుపొచ్చినంత పనయింది. ఆదివారం కళ్ల ముందు కనపడింది. కర్టెన్లు దించెయ్యాలి, ఫోన్ కట్టెయ్యాలి, పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దింపి రమ్మని భార్యకు చెప్పాలి. నిలబడినచోటే ఒక ఆవులింత కూడా వచ్చేసింది.

నిర్మాత రెండో చేత్తో బెల్లు నొక్కాడు. మేనేజరు పరుగున వచ్చాడు.

"మన ఆఫీసులో కంటినిండా నిద్రపోయేదెవరయ్యా?"

మేనేజరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "గేటు దగ్గర వాచ్‌మన్ సార్. కుర్చీలో కూలబడ్డాడంటే పక్కన పిడుగు పడ్డా లేవడు. పనిలోంచి తీసెయ్యమంటారా?"

"తీసెయ్యడమేమిటి, మర్యాదగా పైకి తీసుకురా! రేపట్నుంచి సీరియల్స్ అతను రాస్తాడు" అన్నాడు నిర్మాత. భుజం మీది చెయ్యి తియ్యకుండానే రచయితను మేనేజరు వైపు నెట్టాడు. "ఈయన్ని తీసుకెళ్లి గేటు దగ్గర కూర్చోబెట్టు. ఎలాగూ నిద్రపోయే అలవాటు లేదు."